అక్షరాలు తిప్పిన ఉరుకుందమ్మ

కోడుమూరులో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న ఉరుకుందమ్మ ఒకనాటి పొద్దున ఉన్నట్టుండి పకపకా నవ్వింది. పక్క మగ్గం మీదున్న ఆమె మొగుడు సోమన్న పోగు విసిరే నాడె ఆపి తలెత్తాడు. ఇంట్లో మూడో మనిషి లేడు. రేడియో కూడా మోగడం లేదు.

“ఏమ్మే, ఎవురిని చూసి నగుతాండావు?”

“కడపను చూసి.”

సోమన్న కిటికీలోంచి చూశాడు. కడప యాడ, కోడుమూరు యాడ? కిటికీకి ఎదురుగా సందు, సందుకు అవతల ఎరువుల గోడౌను గోడ. దాని మీద ఎవరో బండల వ్యాపారి నీలం రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు రాయించాడు: ‘కడప రాళ్లు, బేతంచెర్ల బండలు దొరుకును’.

“కడపను ఎనక నుంచి చదువు,” అంది ఉరుకుందమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. “పడక! అంత పెద్ద ఊరు మంచమెక్కి పండుకునింది సూడు!”

సోమన్న గోడ వంక కాసేపు చూసి, పెదాలు కదిపి, అక్షరాలు సరిచూసుకుని, “అవును. అయితే ఏమి?” అని మళ్లీ నాడె విసిరాడు.

ఏమీ లేదు. కానీ ఆ రోజు నుంచి ఉరుకుందమ్మకు ఏ మాటా ఒక్క మాటగా కనబడలేదు.

ఇది ఇరవై ఏళ్లనాటి సంగతి. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. ఎమ్మిగనూరు పక్క పల్లెలో పుట్టి, ఐదో తరగతి దాకా చదివి, పెళ్లయి కోడుమూరు వచ్చింది. బడి మానేశాక అక్షరాలతో ఆమెకు పని పడలేదు. మగ్గం మీద కూర్చుంటే చేతులకు పని ఉంది, కాళ్లకు పని ఉంది, కళ్లు పడుగుకు కాపలా కాస్తాయి. మనసుకు మాత్రం ఏ పనీ లేదు. ఆ ఖాళీ చోటులోకి గోడ మీది కడప దూరింది. దాని వెనకే మిగతా మాటలన్నీ సంతకు బయల్దేరిన జనం మాదిరి వరస కట్టాయి.

బెల్లం చుట్టిన కాగితం వదలదు, బస్సు బోర్డు వదలదు, పెళ్లి పత్రిక వదలదు. పలకను తిప్పితే కలప వచ్చింది. చీర అంచుకు నేసే జలతారులో పైన జల, కింద రోడ్డుకు పోసే తారు. తారు దొరికిన రోజు నవ్వు ఆపుకోలేక అంచులో ఒక వరస తప్పింది. మళ్లీ ఊడదీసి నేయాల్సి వచ్చింది.

ఆటకు నియమాలు ఆమే పెట్టుకుంది. మాటలో ఉన్న అక్షరాలే వాడాలి. ఒక్కసారి ఉన్నదాన్ని రెండుసార్లు వాడకూడదు. గుణింతం ముట్టుకోకూడదు, ‘రా’ ఉంటే అది ‘రా’నే, దాన్ని ‘ర’ అనుకోకూడదు. “ఒక్క దీర్ఘం తీసేస్తే ఏమవుతాది లే,” అన్నాడు సోమన్న ఒకసారి. “పడుగులో ఒక్క పోగు తీసేస్తే ఏమవుతాదో అదే అవుతాది,” అంది.

తన పేరు మీద కూడా ప్రయత్నించింది. ఉరుకుందమ్మలో ఏమీ పండలేదు. “మన మెట్ట చేను మాదిరే ఉండాది. ఎంత గోకినా ఏమీ మొలవదు,” అని వదిలేసింది. కూతురి పేరు మాత్రం నల్లరేగడి. శివలీల. అందులో శివ ఉంది, శిల ఉంది, లీల ఉంది, వల ఉంది. ఒకరోజు పక్కింటి ఖాసీంబీ గోడ మీదుగా కొత్తిమీర అడుగుతుంటే ఉరుకుందమ్మకు ఇంకొకటి తట్టింది.

“ఖాసీంబీ! మా పాప పేరులో వలీ ఉండాడు!”

“మా దర్గా వలీ సాబేనా?” ఖాసీంబీ కొత్తిమీర సంగతి మరిచిపోయింది.

“ఆయనే. శివుని పక్కనే ఉండాడు. ‘వ’ ఒకటే ఉండాది, దాన్ని ఇద్దరూ పంచుకుంటాండారు.”

ఆ సాయంత్రం ఖాసీంబీ గిన్నె నిండా సేమియా పాయసం తెచ్చి శివలీల చేతికిచ్చింది. ఆ తర్వాత వీధిలో ఆడవాళ్లు బిడ్డ పుడితే పేరు పెట్టకముందు ఒకసారి ఉరుకుందమ్మతో తిప్పించుకుని చూసుకోవడం మొదలైంది. లోపల చెడ్డ మాట ఏదీ దాక్కుని లేదని ఆమె తేల్చాకే ఉయ్యాల.

శివలీల పెద్దదైంది. బేతంచెర్ల నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి బండల పాలిష్ ఫ్యాక్టరీలో మిషను నడుపుతాడు. వాళ్లు వచ్చే రోజు సోమన్న పొద్దున్నే పెళ్లాన్ని పక్కకు పిలిచాడు.

“ఉరుకుందా, ఈ పొద్దు ఒక్క పొద్దు నోరు కట్టేసుకో. వాళ్లు కొత్తోళ్లు.”

“నేనేమన్నా పిచ్చిదాన్నా?” అంది ఆమె.

అనడమైతే అంది. వచ్చినవాళ్లు చాప మీద కూర్చున్నారు, మంచినీళ్లు తాగారు. అబ్బాయి తల్లి గొంతు సవరించుకుని, “వీడే మా ఉమామహేశ్వర,” అంది. ఉరుకుందమ్మ పళ్లెంలో తీపి ఓళిగలు పెడుతూ పెడుతూ ఆగిపోయింది. ఆరు అక్షరాలు కళ్ల ముందు గిర్రున తిరిగాయి. సోమన్న ఆమె ముఖం చూసి, ప్రమాదం కనిపెట్టి, గట్టిగా దగ్గాడు. లాభం లేకపోయింది.

“వదినా, మీవాని పేరులో ముగ్గురు ఆడపిల్లలు ఉండారు గదా! ఉమ ఉండాది, రమ ఉండాది, హేమ ఉండాది!”

అబ్బాయి తల్లి ముఖం మాడింది. “ఏం మాటమ్మా అది? మావాడు అట్లాంటోడు కాదు,” అంది పళ్లెం పక్కకు నెట్టి. లోపల తలుపు వెనక శివలీల నెత్తి పట్టుకుంది.

అప్పటిదాకా తల వంచుకుని ఉన్న ఉమామహేశ్వర చూపుడు వేలితో చాప మీద ఏదో రాస్తున్నాడు. రాసి, తలెత్తి, పెద్దగా నవ్వేశాడు.

“అత్తా, ముగ్గురే గాదు. మామ కూడా ఉండాడు!”

మా, మ. అవును, మామ! ఇది తనకెట్లా తట్టలేదు? ఉరుకుందమ్మ సోమన్న వంక చూసింది. “యోవ్, నువ్వు ముందే ఉండావంట అందులో!” అంటూ నవ్వు మొదలుపెట్టింది. అబ్బాయి నవ్వుతున్నాడు. తలుపు వెనక కిసుక్కుమంది. కాసేపటికి ఏం జరిగిందో అర్థమైన అబ్బాయి తల్లి కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంక అడగాల్సిందీ చెప్పాల్సిందీ ఏమీ మిగల్లేదు. సంబంధం ఆ ఓళిగల దగ్గరే కుదిరిపోయింది.

అత్తకు సరైన అల్లుడు దొరికాడని కోడుమూరంతా చెప్పుకుంది. పెళ్లయిన కొత్తలో పుట్టింటికొచ్చిన పెళ్లానికి ఉమామహేశ్వర ఫోను చేస్తే అది అత్త చేతికి పోయేది, మళ్లీ అరగంటకు గానీ తిరిగొచ్చేది కాదు. నిరుడు ఎండాకాలంలో అతనొకరోజు ఫోను చేసి, “అత్తా, ఆదివారం కర్నూలుకు పోవాల. నీ పేరు ఇచ్చేసినా,” అన్నాడు.

“దేనికి?”

“మాటల పోటీకి. ఒక మాట ఇస్తారంట. దాంట్లో నుంచి ఎన్ని మాటలు తీస్తే అంత. నువ్వు ఇంట్లో చేసేదే.”

కర్నూలులో తెలుగు మీద మక్కువున్నవాళ్లు కొందరు చేరి ‘మాటల తోట’ అని పేరు పెట్టుకుని ఏటేటా జరిపే పోటీ అది. ఉరుకుందమ్మ వెనక్కి తగ్గింది. “అంతా పంతుళ్లు ఉంటారు కొడుకా. నేను ఐదో క్లాసు,” అంది. “నీకంటే ఎక్కువ నాకు తెలుసు నీ సంగతి,” అని అతను ఫోను పెట్టేశాడు.

ఆదివారం పొద్దున ఆమె పట్టు చీర కట్టింది. తను నేసిందే. ముందుగా బస్సెక్కి కిటికీ పక్క సీటు పట్టుకుంది. సోమన్న టీ తాగొస్తానని దిగాడు. డ్రైవరుకు అది తెలీదు. బస్సు కదిలింది. ఉరుకుందమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టి చూస్తే, సోమన్న పంచె ఎగ్గట్టి, చేతిలో టిఫిను డబ్బాతో రోడ్డు మీద పరిగెత్తుతున్నాడు. వెనక సీటులోని బురఖా ఆమె లేచి, ఆపమని ఉర్దూలో గొంతెత్తింది: “రుకో! అరే, రుకో! ఆద్మీ రహ్ గయా!”

బస్సు ఆగింది. సోమన్న రొప్పుతూ ఎక్కి కూలబడ్డాడు. రెండు మైళ్లు పోయేదాకా ఊపిరి అందలేదు. అందాక, రోడ్డు పక్క వెనక్కి పోతున్న కిలోమీటరు రాయి మీద ఊరి పేరు చూసి, నిదానంగా అన్నాడు.

“ఉరుకుందా. కోడుమూరులో రుకో ఉండాది.”

“ఏముండాది?”

“కోడుమూరు. ‘రు’ ముందు పెట్టు, ‘కో’ ఎనక పెట్టు. రుకో.”

ఉరుకుందమ్మ నోరు తెరిచింది. కోడుమూరులో కోడు ఉందని, కోరు ఉందని, మూడు ఉందని ఆమెకు ఎప్పుడో తెలుసు. కన్నడంలో మూడును మూరు అంటారు కాబట్టి ఒకే ఊరి పేరులో రెండు భాషల మూళ్లు ఉన్నాయని ఎమ్మిగనూరు చుట్టాలకు చెప్పి మురిసిపోయింది కూడా. రుకో మాత్రం ఎన్నడూ కనబడలేదు. ఇరవై ఏళ్లుగా “అయితే ఏమి?” అంటూ వచ్చిన మనిషికి అది రోడ్డు మీద పరిగెత్తుతుంటే కనబడింది!

“యోవ్! నువ్వు తీసినావా!” అని ఆమె మొగుని భుజం మీద ఒక్కటిచ్చింది. వెనక్కి తిరిగి బురఖా ఆమెకు చెప్పింది. ఆమె పక్కామెకు చెప్పింది. కండక్టరు టిక్కెట్లు చింపడం ఆపి వేళ్ల మీద అక్షరాలు లెక్కబెట్టుకున్నాడు. కర్నూలు చేరేసరికి బస్సులో సగం మంది తమ తమ ఊళ్ల పేర్లు తిరగేస్తున్నారు. దిగేటప్పుడు ఉరుకుందమ్మకు భయమనేదే లేదు. సారా తాగినదాని మాదిరి ఒళ్లు తేలిగ్గా ఉంది.

పోటీ ఒక కల్యాణ మంటపం మేడ మీద. ముప్పై మందికి పైగా వచ్చారు. కాలేజీలో తెలుగు చెప్పే సుచరిత అనే ఆమె పోటీ నడిపిస్తోంది. ముందు వరసలో తెల్ల పంచె, నుదుట గంధం బొట్టుతో ఒక పెద్దాయన కూర్చుని పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. ఆయన పేరు వెంకటరమణయ్య. ఇత్తడి సామాను అంగడి ఉంది. ఆరేళ్లుగా గెలుస్తున్నది ఆయనే. పోటీకి బహుమతిగా ఇత్తడి బిందె ఇచ్చేదీ ఆయనే. అందువల్ల ఆ బిందె ఆరేళ్లుగా రిక్షాలో మంటపానికి రావడం, చప్పట్ల మధ్య మళ్లీ ఆయన ఇంటికే పోవడం జరుగుతోంది.

సుచరిత బోర్డు మీద మాట రాసింది: రాయలసీమ. పది నిమిషాలు.

ఉరుకుందమ్మ కాగితం మీద పడింది. సీమ, రాయ, రాయల. రామ. రాముని పక్కనే యమ! లోపల్లోపల నవ్వుకుంది. లయ, మల, మయ, రాల. ఆ పైన మలయ. చల్లగాలి పేరు! బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఈ మాటలో మాత్రం మలయ దాక్కుని ఉంది. ఆమెకు కితకితలు పెట్టినట్టయింది. గంట కొట్టబోతుండగా చివరగా ఒకటి రాసింది: సీల.

లెక్క చూస్తే మిగతావాళ్లంతా తొమ్మిది లోపే. వెంకటరమణయ్యవి పదకొండు. ఉరుకుందమ్మవి పదకొండు.

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. వెంకటరమణయ్య ఆమె కాగితం తెప్పించుకుని, కళ్లజోడు ఎత్తి దించి చదివాడు.

“సీల ఏమిటమ్మా? చీల అనాల. మేకు, చీల.”

“మా మగ్గానికి సీలే బిగిస్తాం సారూ. చీల బిగిస్తే ఊడిపోతాదేమో,” అంది ఉరుకుందమ్మ. జనం గొల్లుమన్నారు. సుచరిత నిఘంటువు తిరగేసి, “రెండూ ఉన్నాయండీ,” అంది.

“మరి మీరు రాసిన యమల అంటే ఏమి సారూ?” అని ఉరుకుందమ్మ ఆయన కాగితం చూసి, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

“జంట. కవలలు.”

“అబ్బ, బాగుండాది!” అని ఆమె ఆ మాటను ఆయన ముందే రెండుసార్లు నోట్లో చప్పరించింది. వెంకటరమణయ్యకు కోపం రావాలో సంతోషం రావాలో తెలియలేదు. కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఇద్దరినీ ముందుకు పిలిచి బోర్డుకు చెరొక పక్క నిలబెట్టారు. “ఇప్పుడొక మాట రాస్తాను. ఇందులోని అక్షరాలన్నీ వాడి, ఒక్కటి కూడా మిగల్చకుండా, ఇంకొక మాట చెప్పాలి. ఎవరు ముందు చెబితే వాళ్లదే బిందె,” అంది సుచరిత. రాసింది: కలవరము.

ఉరుకుందమ్మ గుండె ఆ మాట అర్థాన్ని అప్పుడే మొదలుపెట్టింది. కల, వల, కలము, వరము, కరము... పొట్టివన్నీ చీమల్లా బయటికొస్తున్నాయి, అన్నీ కలిసిన పెద్దది రావడం లేదు. అవతల వెంకటరమణయ్య కళ్లు మూసుకుని సణుగుతున్నాడు. “వరకలము... కవలరము... ఊహూ.”

హాలు పైన వెంటిలేటరులో రెండు పావురాలు కాపురం ఉన్నాయి. అంతా ఊపిరి బిగబట్టేసరికి వాటి గొంతు ఒక్కటే వినబడసాగింది. గుటుర్రు, గుటుర్రు. ఉరుకుందమ్మ తలెత్తి చూసింది. శివలీల ఎనిమిదో తరగతి చదివేటప్పుడు, మగ్గం ముందు గోడకు ఆనించి పెట్టుకుని ఆమె కూడా చదివిన తెలుగు వాచకం గుర్తొచ్చింది. అందులో ఒక పాఠం పక్షుల కూతతో తెల్లవారుతుంది. ఆ కూతకు అక్కడొక మంచి పేరు ఉంది. బోర్డు మీది మాటలో రెండక్షరాలు అటూ ఇటూ జరిపితే చాలు, అదే!

చెప్పేయాల్సింది. కానీ చెప్పబోతే నవ్వు అడ్డం పడింది. ఇంతసేపూ తను పడిన గాబరా లోపలే పక్షులు కూస్తున్నాయా! నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. నోరు తెరిస్తే మాటకు బదులు కీచుమని ఏదో వచ్చింది. బోర్డు పట్టుకుని వంగిపోయింది. “క... క...” అంటోంది, కళ్లలో నీళ్లు కారుతున్నాయి. సోమన్న మూడో వరసలోంచి లేచి, “మాట చెప్పి నగు! ముందు మాట చెప్పు!” అని అరుస్తున్నాడు. చెప్పలేక ఆమె చెయ్యెత్తి పైన పావురాలను చూపించింది.

వెంకటరమణయ్య కళ్లు తెరిచాడు. ఆమె వేలు చూశాడు, పావురాలను చూశాడు, బోర్డు చూశాడు.

“కలరవము!” అని కేక వేశాడు.

ఒకటే చప్పట్లు. క, ల, ర, వ, ము. ఒక్క అక్షరం మిగల్లేదు. సుచరిత కూడా ఎగిరి గంతేసినంత పని చేసింది. బిందె పట్టుకున్న మనిషి అలవాటు కొద్దీ వెంకటరమణయ్య వైపు నడిచాడు. ఉరుకుందమ్మ మాత్రం ఇంకా నవ్వుతూనే, అవునవునని తలాడిస్తూ, అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది. ఓడిపోయానన్న సంగతి ఆమెకు ఇంకా తెలియనే లేదు.

వెంకటరమణయ్య బిందె అందుకున్నాడు. అందుకుని, దాని వంక చూసి, నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు.

“లేదమ్మా సుచరితా. నేను చెప్పింది నా బుర్రలోది కాదు. ఆయమ్మ వేలు చూసి చెప్పినా. మాట ఆయమ్మకు ముందే దొరికింది, నోట్లో నవ్వు అడ్డం ఉండి బయటికి రాలేదు, అంతే.” బిందెను ఉరుకుందమ్మ చేతుల్లో పెట్టాడు. “తీసుకో తల్లీ. దీన్ని మళ్లీ ఇంటికి తీసుకుపోతే మా ఇంటిది, కన్యకమ్మ, నన్ను లోపలికి రానీదు. ఆరేండ్లుగా తోమి తోమి దానికి విసుగు పుట్టింది.”

అప్పుడు మొదలైన నవ్వు హాలంతా పాకింది. పావురాలు బెదిరి లేచిపోయాయి.

బయటికొచ్చాక ఆయన వాళ్లిద్దరినీ వదల్లేదు. పక్క హోటలుకు తీసుకుపోయి ఉగ్గాని, బజ్జీ పెట్టించాడు. తింటున్నంతసేపూ యమల లాంటి మాటలు ఆమెకు చెబుతూ, సీల లాంటివి ఆమె దగ్గర నేర్చుకుంటూ, తన నోటుపుస్తకం తీసి రాసుకున్నాడు. సోమన్న ఊరికే కూర్చోలేక రుకో సంగతి చెప్పాడు. “ఇది నేను ఒప్పుకోను, ఇది తెలుగు కాదు,” అన్నాడు వెంకటరమణయ్య. “బస్సు ఆగింది సారూ,” అన్నాడు సోమన్న. ఆయన ఆలోచించి, దాన్నీ రాసుకున్నాడు.

నెల తిరిగేసరికి వెంకటరమణయ్య కన్యకమ్మను వెంటబెట్టుకుని కోడుమూరు వచ్చాడు. చీర నేయమని చెప్పడానికని పేరు. కన్యకమ్మ రంగులు ఎంచుకుంటుంటే, ఆయన మగ్గం పక్కన పీట వేసుకుని కూర్చుని ఒక మాట విసిరాడు. ఉరుకుందమ్మ నాడె విసురుతూనే దానికి మూడు మాటలు తిరిగి విసిరింది. ఆ తర్వాత వారానికొకసారి రావడం అలవాటైంది. బేతంచెర్ల నుంచి ఉమామహేశ్వర, శివలీల కూడా ఆ రోజు చూసుకుని వస్తారు. ఇల్లంతా అరుపులు, నవ్వులు. ఖాసీంబీ గోడ అవతల నుంచే పాల్గొంటుంది. పది రోజుల్లో మగ్గం దిగాల్సిన కన్యకమ్మ చీర ఇరవై రెండో రోజుకు సగమే అయింది.

“చీర ఎప్పటికవుతాదమ్మా?” అని కన్యకమ్మ అడిగింది.

“ఈళ్లు మాటలు ఆపినప్పుడు,” అన్నాడు సోమన్న.

“అయితే తొందరేమీ లేదులే,” అని కన్యకమ్మ కూడా పీట లాక్కుంది.